శుక్రవారం రేటు

మామా ఇంట్లో సామాన్ల గదికి ఒకటే తాళంచెవి ఉండేది. ఆ గదిని వాళ్ళు మఖ్జన్ అంటారు. నెలకోసారి డ్రైవరు జమయ్యా నుంచి, అంటే పేటలోని సహకార దుకాణం నుంచి, సర్కారు రేషను తెచ్చేవాడు. బియ్యం బస్తాలు, పంచదార, నూనె, పప్పు, పాలపొడి, టమాటా గుజ్జు డబ్బాలు. మామా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఏది ఏ అరలో పెట్టాలో వేలితో చూపించేది. ఇక నెలంతా ఇల్లు ఆ గది ప్రకారం నడిచేది. ఏ రోజు ఏం వండాలో, ఎవరికి ఏ సబ్బో, రంజాను ముందు ఎవరికి ఏ రంగు బట్టలో ఆమె ముందే అనుకుని ఉండేది. నాకు తలనూనె కూడా ఆ గదిలోంచే వచ్చేది. ఏదీ అడగక్కర్లేదు. ఏదీ ఏరుకోవడానికీ ఉండదు. చాలా ఏళ్ళు నా మనసు కొబ్బరినూనె మీదే ఉంది. వచ్చేది మాత్రం ఆలివ్ నూనె. అదే రాసుకున్నాను.

ఆ ఇల్లు కువైట్‌లో, ముబారక్ అల్ కబీర్‌లో ఉంది. మామా అంటే ఆ ఇంటి పెద్దావిడ. పనిచేసే ఇంటి ఇల్లాలిని మేమంతా అలాగే పిలుస్తాం. నేను పాలకొల్లు దగ్గర పల్లె నుంచి ఆ ఇంటికే నేరుగా వచ్చాను. డ్రైవరు రాయచోటి వైపు మనిషి, వేంకటేశ్వరస్వామి భక్తుడు. వయసులో నాకన్నా చిన్న, నన్ను అక్కా అని పిలిచేవాడు.

ఈ దేశంలో సెలవు శుక్రవారం కాబట్టి మా తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధన కూడా శుక్రవారమే. కానీ మామా ఇంట్లో పని ఎక్కువగా ఉండేది ఆ రోజే. కొడుకులు, కోడళ్ళు, మనవలు అందరూ మధ్యాహ్నం భోజనానికి వచ్చేవారు. నేలమీద పెద్ద పళ్ళేల్లో మచ్‌బూస్ వడ్డించాలి. మచ్‌బూస్ అంటే మాంసం, అన్నం కలిపి వండేది, మన బిర్యానీ లాంటిదే గాని కారం తక్కువ. వచ్చిన ఏడాదంతా నేను మందిరానికి వెళ్ళలేదు. వంటింట్లో అంట్లు తోముతూ మనసులోనే పాడుకునేదాన్ని. ఏడాది నిండాక, అరబ్బీ కొంచెం నోటికి వచ్చాక, శుక్రవారం మందిరానికి పంపమని మామాని అడిగాను.

ఆమె చేతిలో పూసలు తిప్పుతూ కూర్చుంది. తర్వాత అంది, "జుమా నాకు దేవుడిది. నీకూ దేవుడిదే. వెళ్ళు. ఖలాస్."

దాని గురించి మళ్ళీ ఎప్పుడూ మాట రాలేదు. ఎక్కడా రాసుకోలేదు, జీతంలో కోయలేదు. పని మాత్రం ఆమె సర్దేసింది. గురువారం సాయంత్రమే నేను మాంసం కడిగి, ఉల్లిపాయలు వేయించి, ఎండు నిమ్మకాయలు పొడుచుకుని, బియ్యం కొలిచి పెట్టేదాన్ని. శుక్రవారం పొయ్యి దగ్గర మామాయే నిలబడేది. మోకాళ్ళు నొప్పులు పుడితే ఒక చేత్తో గోడ పట్టుకుని రెండో చేత్తో కలిపేదట. ఇది నాకు డ్రైవరు చెప్పాడు. ఆమె చెప్పలేదు.

మా వైపు సంఘాల్లో ఒక అలవాటు ఉంది. వండడానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుని పేర వేరే డబ్బాలో వేస్తాం. వారం తిరిగాక ఆ బియ్యం మందిరానికి తీసుకెళ్తాం. కువైట్‌లో మా సంఘం శుక్రవారం మధ్యాహ్నం వండుకునే అన్నం ఆ పిడికెళ్ళతోనే. ఎక్కడెక్కడి ఇళ్ళల్లోనో పనిచేసే స్త్రీలు చిన్న చిన్న సంచుల్లో తెచ్చి ఒకే గిన్నెలో పోస్తారు. రకరకాల బియ్యం కలుస్తాయి గనక కొంత మెత్తగా, కొంత పలుకుగా ఉడుకుతుంది. ఆ అన్నం వండే పని నాకు అప్పగించారు. ఏ బియ్యానికి ఎంత నీళ్ళు పడతాయో చేత్తో ముట్టుకుని చూసి ఎసరు పెట్టేదాన్ని.

మామా ఇంట్లో నేను పిడికెడు తీయడం ఆమె ఒకరోజు చూసింది. పాలపొడి డబ్బాలో బియ్యం ఎందుకని అడిగింది. దొంగతనం అనుకుంటుందేమోనని డబ్బా మూత తీసి చూపించాను. దేవుడికి, పేదవాళ్ళకి, అని వచ్చిన అరబ్బీలో చెప్పాను. "సదకా," అంది ఆమె. అంటే ధర్మం. మర్నాటి నుంచి నేను బియ్యం కొలుస్తుంటే ఆమె కూడా వచ్చి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేది. ఆమె చెయ్యి చిన్నది, వేళ్ళకు ఉంగరాలు. సగం గింజలు కింద రాలేవి. అవి నేను ఏరేదాన్ని.

శుక్రవారం నన్ను మందిరం దగ్గర దింపడం డ్రైవరు పని. అదీ మామా ఏర్పాటే. దారంతా అతను ఆట పట్టించేవాడు.

"మీ దేవునికి శుక్రవారం. మా సామికి శనివారం. మామాకు వారమంతా. ఈ కారుకు సెలవెప్పుడక్కా?"

నేను వాక్యం చెప్పబోతే, మందిరం గుమ్మంలో ఉన్న పాస్టరుగారిని చూపించి, "దిగక్కా, మీ అయ్యగారు చూస్తాండాడు," అనేవాడు.

బైబిల్లో ఇశ్రాయేలు ప్రజలకు అరణ్యంలో ఆకాశం నుంచి మన్నా అనే ఆహారం కురిసిన సంగతి చదివినప్పుడల్లా నాకు ఆ మఖ్జన్ గుర్తొచ్చేది. ఎక్కువ ఏరుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ ఏరుకున్నవాడికి తక్కువ కాలేదు. దేవుడు నన్ను అలాంటి ఇంట్లో పెట్టాడని సాక్ష్యం చెప్పేదాన్ని.

మామా ఒక చలికాలంలో పోయింది. ఆమెను తీసుకెళ్ళిన రోజు వచ్చేవాళ్ళకు కాఫీ, ఖర్జూరాలు ఇస్తూ, గ్లాసులు కడుగుతూ ఉన్నాను. ఏడుపు రాలేదు. తర్వాత కూడా రాలేదు. రేషను కార్డులో ఆమె వంతు తీసేశారు. ఆ చలికాలం దాటకముందే ఇంటి పద్ధతి మారిపోయింది.

మామా పెద్దకొడుకు, కోడలు ఆ ఇంట్లో ఉన్నారు. ఇద్దరూ ఉద్యోగస్థులు, మంచివాళ్ళు. పై అంతస్తులు అద్దెకు ఇవ్వాలనుకున్నారు. వంట ఇంట్లో ఎందుకు, ఫోన్‌లో చెబితే వస్తుంది. కారు ఎవరిది వాళ్ళే నడుపుకుంటారు. శుభ్రం చేయడానికి గంటల లెక్కన మనిషిని పిలుచుకోవచ్చు. ఏడాది పొడుగునా మనుషుల్ని ఇంట్లో పెట్టుకుని, టిక్కెట్లు కొని, జబ్బు చేస్తే చూసుకోవడం పాత పద్ధతి అని కోడలు నాకు నెమ్మదిగా వివరించింది. అప్పట్లో ఇంటిపని వీసా మీద ఉన్నవాళ్ళు కంపెనీ వీసాకు మారవచ్చని సర్కారు కొంతకాలం దారి తెరిచింది. కొడుకు నా కాయితాల మీద సంతకం పెట్టాడు. రూపాయి అడగలేదు. "ఇప్పుడు నువ్వు స్వేచ్ఛగా ఉండొచ్చు. ఎక్కువ సంపాదిస్తావు," అన్నాడు. అది నిజమే.

మఖ్జన్ ఖాళీ చేసింది డ్రైవరూ నేనూ. అక్కడ వ్యాయామం చేసే యంత్రం పెట్టాలని వాళ్ళ ఆలోచన. పురుగు పట్టిన పప్పు పారబోశాం. మంచి బస్తాలు మసీదు వాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. అరల మీద ఏ సామాను ఎక్కడ ఉండేదో గుండ్రటి మరకలు మిగిలాయి. డ్రైవరు నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"అక్కా, ఇంగ ఎవురి బియ్యం వాళ్ళే కొనుక్కోవాల."

అంతే అన్నాడు. అతను కబ్ద్‌లో ఒక తోటకు వెళ్ళిపోయాడు, గొర్రెలు, నీళ్ళ ట్యాంకరు చూసుకునే పని. నేను శుభ్రం చేసే మనుషుల్ని పంపే ఒక కంపెనీలో చేరాను. వాళ్ళే అబ్బాసియాలో గదిలో మంచం ఇచ్చారు. బియ్యం దుకాణంలో కొన్నాను. దుకాణంలో ఎన్ని రకాల తలనూనెలు ఉన్నాయో అప్పుడు చూశాను. చాలాసేపు నిలబడి, ఆలివ్ నూనే కొని తెచ్చుకున్నాను.

కంపెనీ సూపర్‌వైజరు కరీంనగర్ వైపు అబ్బాయి. నా ఫోన్‌లో ఒక యాప్ వేసి నేర్పించాడు. పని కావలసినవాళ్ళు అందులో మన ఫొటో చూసి, గంటలు ఎంచుకుంటారు. మనకు ఏ రోజు వీలో మనమే తెరిచి పెట్టుకోవాలి, వద్దంటే మూసేయాలి. బలవంతం లేదు. ప్రతి రోజు పక్కనా గంటకు ఎంతో అంకె ఉంటుంది. శుక్రవారం అంకె ఎర్రగా ఉంది. మామూలు రోజుకు రెట్టింపు.

ఆ ఎర్ర అంకె నేను చాలాసేపు చూశాను. నాకు అప్పుల్లేవు. పెద్దగా అవసరాలూ లేవు. అయినా ఆ అంకె కళ్ళల్లోంచి పోలేదు. మామా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నా శుక్రవారం విలువ ఎంతో నాకు తెలియదు. అడిగినవాళ్ళు లేరు. శుక్రవారం మూసేశాను.

గదిలో నాతో ఉండే చెల్లి రాజోలు వైపు పిల్ల. మా సంఘమే. చిన్నప్పటి నుంచి వాక్యం కంఠస్థం చేసిన పిల్ల, నాకంటే బాగా తెలుసు. మొదట్లో ఆమె కూడా శుక్రవారం మూసింది. తర్వాత ఒకరోజు ఉల్లిపాయలు కోస్తూ అడిగింది.

"అక్కా, మన్నా రెండింతలు పడింది ఏ రోజండీ?"

"ఆరో రోజు."

"ఆదివారం నుంచి లెక్కెట్టండి. ఆరో రోజు ఏ వారం అవుద్ది?"

లెక్కపెట్టాను. శుక్రవారం.

"మరి? రెండింతలు పడ్డ రోజు ఏరుకోవద్దని ఎక్కడుందండీ?"

ఆమె వేళాకోళం ఆడటం లేదు. కళ్ళు ఉల్లిపాయల వల్ల ఎర్రగా ఉన్నాయి గాని ముఖం నిశ్చయంగా ఉంది. అయ్యగారిని అడగమన్నాను. మా అయ్యగారు వారమంతా ఏసీలు బాగుచేసే పని చేస్తారు. శుక్రవారం తెల్ల చొక్కా వేసుకుని పరిచర్య చేస్తారు. వేళ్ళ సందుల్లో నలుపు అప్పటికీ వదలదు. కూడిక అయ్యాక ఆమె అందరి ముందూ అదే ప్రశ్న వేసింది.

"ఆరో రోజు ఏరుకుంది ఏడో రోజు కూర్చుని తినడానికమ్మా," అన్నారు ఆయన. "నువ్వు ఏడో రోజు ఏం చేత్తన్నావ్?"

"శనివారం కూడా బుకింగేనండి అయ్యగారు."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. మేం ఇక్కడ ఆదివారాన్ని శుక్రవారానికి మార్చుకున్నామని, కాబట్టి ఇది మాకు ప్రభువు దినమని ఆయన చెప్పబోయారు. మార్చుకున్నది మనమే కదా, ఇంకోరోజుకు మార్చుకుంటే తప్పేంటని వెనక నుంచి ఒకాయన అడిగాడు. అప్పుడు నవ్వు ఆగింది.

ఆ తర్వాత వారాల్లో బెంచీలు ఖాళీ అవుతూ వచ్చాయి. ఇళ్ళల్లో నాలాగే మార్పులు జరిగినవాళ్ళు చాలామంది. ఎవరూ దేవుణ్ణి విడిచిపెట్టలేదు. ఫోన్‌లో ప్రార్థన విన్నారు, కానుకలు ఇంతకుముందుకన్నా ఎక్కువ పంపారు. రావడమే మానేశారు. నేను అలవాటు ప్రకారం అన్నం వండాను, అన్నం మిగిలిపోయింది. తర్వాతి వారమూ మిగిలింది. బియ్యం సంచులు తగ్గాయని అప్పటికి చూసుకున్నాను. నేనే కొన్న బియ్యంతో గిన్నె నింపుతున్నాను.

సంఘంలో మాట్లాడుకుని కూడికను రెండు చేశారు. పనికి వెళ్ళేవాళ్ళకు తెల్లవారుజామున ఒక గంట, మిగతావాళ్ళకు పాత వేళకే. తెల్లవారుజాము కూడిక నిండింది. యూనిఫారాలతో వచ్చేవారు, పాడేవారు, వ్యాన్లు ఎక్కి వెళ్ళిపోయేవారు. అది కూడా ఆరాధనే. నేను ఒకసారి వెళ్ళాను. అయ్యగారు బాగా బోధించారు. గోడ గడియారం వైపు చూస్తూ బోధించారు.

శుక్రవారం మూసి ఉంచినందుకు నన్ను ఎవరూ ఏమీ అనలేదు. మిగతా రోజుల్లో పని తగ్గింది, అంతే. ఎర్రరోజు తెరవనివాళ్ళ ఫొటోలు యాప్ అడుగుకు నెట్టేస్తుందని చెల్లి చెప్పింది. సూపర్‌వైజరు గదికి వచ్చి కూర్చున్నాడు. టీ ఇచ్చాను.

"నేన్ జేస్తలేనక్కా, యాప్ జేస్తది," అన్నాడు. "మీద కంపెనీవోళ్ళు అడుగుతున్రు. పని లేనోళ్ళకు ఇఖామా ఎందుకు కట్టాలె అంటున్రు."

ఇఖామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాయితం. అది రద్దయితే వెళ్ళిపోవడమే. తెల్లారి ప్రార్థన ఉంది కదా, అది చేసుకుని పనికి పోవచ్చు కదా అని అతనే అడిగాడు. ఎవరు చెప్పారో. నాకు కావలసింది గంట కాదని, రోజు అని ఎలా చెప్పాలో తెలియలేదు. అన్నం వండాలి అన్నాను. అతను నన్ను వింతగా చూశాడు.

"గా అన్నం ఎవలైనా వండుతరు గదక్కా."

అదే వారం నా ఫోన్ మోగింది. నా పేరు పెట్టి, నా ఫొటో ఎంచుకుని పిలిచిన బుకింగ్. మామా కోడలు. శుక్రవారం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. మామా పోయాక కుటుంబం శుక్రవారం భోజనాలు హోటళ్ళల్లో చేస్తోందని తెలుసు. ఈసారి అందరూ పాత ఇంట్లో కలవాలనుకున్నారు. మామా చేతి మచ్‌బూస్ కావాలన్నారు, అది నాకే వచ్చు. ఈ ఒక్క శుక్రవారం వెళ్తే నా ఫొటో మళ్ళీ పైకి వస్తుందని, అంతా సర్దుకుంటుందని సూపర్‌వైజరు ఫోన్ చేసి మరీ చెప్పాడు. చెల్లి కూడా, "వెళ్ళండక్కా, మామాకి చేసినట్టే," అంది.

నేను కోడలికి ఫోన్ చేశాను. గురువారం సాయంత్రం వచ్చి పాతపద్ధతిలో అంతా సిద్ధం చేసి పెడతానని, డబ్బులు వద్దని చెప్పాను. శుక్రవారం పొయ్యి వెలిగించి బియ్యం వేస్తే చాలు.

"గురువారం ఇంట్లో ఎవరూ ఉండరు," అంది ఆమె. "తలుపు ఎవరు తీస్తారు?"

శుక్రవారం నాకు ప్రార్థన ఉందని చెప్పాను. ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. కోపం లేదు ఆ గొంతులో.

"ఇప్పుడు నువ్వు ఎవరినీ సెలవు అడగక్కర్లేదు కదా. నీ గంటలు నీవే. రెట్టింపు ఇస్తున్నాను. తక్కువైతే చెప్పు."

మామా నాకు ఆ రోజు ఇచ్చిందని చెప్పాలనిపించింది. ఆ ఇంట్లో ఆ సంగతి తెలిసినవాళ్ళు మామా, డ్రైవరు, నేను. చెబితే నమ్ముతుంది కూడా. కానీ చెప్పి ప్రయోజనం కనిపించలేదు. తక్కువ కాదు మామా, రాలేను, అన్నాను. ఆమెను కూడా మామా అనే పిలుస్తాను. "సరే, యల్లా," అని పెట్టేసింది. ఫోన్‌లో వద్దు అన్న గుర్తు నొక్కాను. సంతోషమేమీ కలగలేదు. స్టవ్ మీద పాలు ఉంటే దించాను.

ఆ బుకింగ్ మా చెల్లికి వెళ్ళింది. మచ్‌బూస్‌లో ఎండు నిమ్మకాయ ఎప్పుడు వేయాలో రాత్రి నన్ను అడిగి తెలుసుకుంది. అంతా చెప్పాను. బాగానే కుదిరిందట. మామా మనవడు ఒకడు మాత్రం, నానమ్మ అన్నంలో ఉండే ఏదో ఇందులో లేదన్నాడట.

తర్వాత నాకు బుకింగ్‌లు రాలేదు. సూపర్‌వైజరు మంచివాడే, ఇఖామా కొట్టేసే పేర్లలో నన్ను పెట్టకుండా ఒక దారి చూశాడు. కంపెనీకి ఒక బడి కాంట్రాక్టు ఉంది. గదులు ఊడ్చి, మరుగుదొడ్లు కడగాలి. నెల జీతం. గంటల లెక్క ఉండదు, యాప్‌లో వేసే నక్షత్రాల మార్కులు ఉండవు. జీతం మామా ఇచ్చినంతే, పైగా తిండి నాదే. ఎవరూ కోరుకోని పని. బడికి శుక్ర, శనివారాలు సెలవు.

ఒప్పుకున్నాను. గదిలో వాళ్ళు నవ్వారు. మామా లేని మామా ఇంటికి పోతున్నావన్నారు.

ఇది జరిగి ఏడాది దాటింది. ఇప్పుడు శుక్రవారం పాతవేళకే వెళ్తున్నాను. పెద్దగిన్నె అటక ఎక్కింది, చిన్నగిన్నెలో వండుతున్నాను. ముసలివాళ్ళు, పని పోయినవాళ్ళు, ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చే నర్సులు ఒకరిద్దరు తింటారు. తెల్లవారుజామున వచ్చి వెళ్ళేవాళ్ళు కొందరు గుమ్మం దగ్గర బియ్యం సంచి పెట్టి పోతారు. రాజోలు చెల్లి సంచి ప్రతివారం ఉంటుంది. ఆమెది సన్నబియ్యం, నీళ్ళు తక్కువ పడతాయి.

అయ్యగారు బోధిస్తున్నప్పుడు నా మనసు నిలవదు. ఈపాటికి ఎన్ని గంటలు అయ్యాయి, ఎర్ర అంకె ఈవారం ఎంత ఉంటుంది, ఈ పాటకు ఎంత, ఈ ప్రార్థనకు ఎంత అని తనంతట తనే లెక్క కడుతుంది. వద్దని ప్రార్థించాను. ఉపవాసం ఉన్నాను. తగ్గలేదు. మామా ఇచ్చిన శుక్రవారాల్లో నాకు నిద్ర వచ్చేది, ఆకలి వేసేది, ఇంటి ధ్యాస వచ్చేది. ఈ లెక్క మాత్రం వచ్చేది కాదు. ఇదే నాకు ఇచ్చిన భారమైతే మోస్తానని ప్రభువుతో చెప్పాను.

కబ్ద్ నుంచి డ్రైవరు అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. వెనక గొర్రెల అరుపులు వినిపిస్తాయి. మొన్న కూడా అదే వేళాకోళం.

"ఏమక్కా, మీ శుక్రవారం ఎంతకు పోతాంది?"

"నేను అమ్మలేదు తమ్ముడూ."

"అమ్మకపోతే కొన్నట్టే గదక్కా," అన్నాడు. తర్వాత, "మామాకు తెలిస్తే తిడతాది. ఊరికే ఇచ్చిందాన్ని కొనుక్కుంటాండావని," అన్నాడు.

గొర్రెలకు నీళ్ళు పెట్టాలని అతను ఫోన్ పెట్టేశాడు. నేను రాత్రి అన్నానికి బియ్యం కొలిచాను. నా పిడికెడు తీసి డబ్బాలో వేశాను. తర్వాత ఇంకొక పిడికెడు, చిన్నది, మామా పేర వేశాను. కింద ఏమీ రాలలేదు.